రాయి ఒక శాఖది, రోడ్డు ఇంకో శాఖది: సీమ కనుమల్లో బండలు రాలడం ఎందుకు ఆగడం లేదు

కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు కనుమ ఎక్కుతుంటే రోడ్డు పక్కన నిలువుగా కోసిన రాతి గోడ మొదలవుతుంది. దూరం నుంచి చూస్తే అంతా ఒకే బండలా ఉంటుంది. దగ్గరికి పోయి చూస్తే సంగతి వేరు (బండి మాత్రం గోడ కింద ఆపొద్దు, ముందున్న విశాలమైన మలుపులో ఆపండి). పొర మీద పొర, ఆ పొరలను నిలువుగా చీల్చిన నెర్రెలు, నెర్రెల్లోకి దిగిన జువ్వి వేర్లు. పొరలూ నెర్రెలూ కలిసి కొండను దిమ్మెలు దిమ్మెలుగా కోసి పెట్టాయి. ఆ దిమ్మెలు ఒకదాని మీద ఒకటి కూర్చుని, కేవలం రాపిడి మీద ఆగి ఉన్నాయి. సున్నం పెట్టకుండా పేర్చిన గోడ ఎట్లుంటుందో అట్లా.

ఈ రాతిని భూగర్భ శాస్త్రంలో గుల్చెరు క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి) అంటారు. ఆ గుల్చెరు మన గువ్వలచెరువే, పాత సర్వే రాతల్లో అట్లా మారింది. సీమలో కొండచరియల భద్రత గురించి మాట్లాడాలంటే ఈ గోడ దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే కొండచరియలు అనగానే అందరి కళ్లముందు మెదిలేది 2024 జూలై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లను ముంచేసిన బురద ప్రవాహం. అక్కడ వాలు మీద మందపాటి మట్టి ఉంది. వాన నీళ్లు తాగిన మట్టి చెట్లతో, రాళ్లతో కలిసి లోయలోకి పారింది. శేషాచలం, పాలకొండలు, నల్లమల, ఎర్రమలల్లో వాలు మీద అంత మట్టే లేదు. ఇక్కడిది రాయి రాలుడు. రెండింటికీ కారణాలు వేరు, మందు వేరు. ప్రభుత్వ ఏర్పాట్లలో ఎక్కువ భాగం మాత్రం మొదటి రకాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. సీమలో పనులు ఎక్కడ తప్పుతున్నాయో ఈ తేడా పట్టుకుంటేనే అర్థమవుతుంది.

నెర్రెలో నీళ్ల లెక్క

రాయి వాన వల్ల పడుతుందని అందరికీ తెలుసు. ఎట్లా పడుతుందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. కొండ అంచున 5 మీటర్ల ఎత్తు, మీటరు మందం ఉన్న ఒక పలక నిలబడి ఉందనుకోండి. దాని వెనక నిలువు నెర్రె. పలక పొడవులో ప్రతి మీటరుకూ బరువు సుమారు 13 టన్నులు. చదునైన పీఠం మీద కూర్చుంటే రాపిడి దాన్ని 9 టన్నుల తోపుడు దాకా ఆపుతుంది.

ఇప్పుడు వెనక నెర్రె నీళ్లతో అంచుదాకా నిండింది. నీళ్లు పలకను ముందుకు తోసే బలం మీటరుకు పన్నెండున్నర టన్నులు. ఆపే శక్తి 9, తోసే శక్తి 12.5. పలక కదులుతుంది. నెర్రె వెడల్పు ఎంతైనా సరే, అంగుళం ఉన్నా, జానెడు ఉన్నా తోపుడు అంతే. దాన్ని తేల్చేది నీటి ఎత్తు ఒక్కటే.

అదే నెర్రె సగం నిండితే? తోపుడు 6 టన్నులు ఉంటుందనుకుంటాం. కానీ అది 3 టన్నులే. నీటి ఎత్తు సగమైతే తోపుడు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గోడ అడుగున నీళ్లు బయటికి పోయే దారి ఉంటే చాలా రాళ్లు పడనే పడవు. పెద్ద కాంక్రీటు గోడ చేయలేని పని రెండంగుళాల పైపు చేసే సందర్భాలు ఉన్నాయి. వేరు వెళ్లి, మట్టి కూరుకుపోయి ఆ దారి మూసుకుపోతే ఏళ్ల తరబడి కదలని బండ ఒక్క రాత్రి వానకు రోడ్డు మీదికొస్తుంది.

దీనికి తోడు పొరల వాలు. పొరలు కొండలోపలికి వాలి ఉంటే దిమ్మె కూర్చునే ఉంటుంది. రోడ్డు వైపు వాలి ఉంటే జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. గట్టి క్వార్ట్‌జైట్ కింద మెత్తని షేల్ పొర ఉన్నచోట ఇంకో తంటా. షేల్ ఎండకు, వానకు పొరలుగా ఊడి లోపలికి తినేసుకుపోతుంది. పైన క్వార్ట్‌జైట్ చూరులా ముందుకొచ్చి వేలాడుతుంది. గట్టి పొర, మెత్తని పొర మార్చి మార్చి వచ్చే కొండల్లో ఎక్కడైనా ఇట్లాంటి చూరులు కనిపిస్తాయి.

అనంతపురం వైపు, ఆదోని వైపు రాయి మారుతుంది. గుత్తి, రాయదుర్గం, పెనుకొండ, ఆదోని కొండల్లో పొరలుండవు, గ్రానైట్ జాతి గుండ్లుంటాయి. మూలలు అరిగి గుండ్రమై, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య ఉండే ఇసుకమట్టే వాటికి దిండు. ఆ మట్టి వానకు కొట్టుకుపోయినా, ఇంటి స్థలం చదును కోసం కింద తవ్వినా దిండు తీసేసినట్టే. పలక జారితే కొంతదూరం పోయి ఆగుతుంది. గుండు అట్లా కాదు, దొర్లుతుంది. ఎంత గుండ్రంగా ఉంటే అంత దూరం.

2015 నవంబరు వానల తర్వాత కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో భూమి కుంగి గుంతలు పడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాన్ని దీనితో కలపకూడదు. అది కింద సున్నపురాయి కరిగి బోలు ఏర్పడినచోట, కరువులో అడుగంటిన భూగర్భజలం ఒక్కసారిగా వానకు పెరిగితే పైనున్న మట్టి లోపలికి కూలడం. దాని పరీక్షలు వేరు, జాగ్రత్తలు వేరు.

మ్యాపులో మన కొండ ఎందుకు భద్రంగా కనిపిస్తుంది

దేశంలో కొండచరియల విషయానికి నోడల్ సంస్థ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అందరూ జీఎస్ఐ అంటారు. మంచు ప్రాంతాలను వదిలేస్తే దేశ భూభాగంలో 12.6 శాతం, అంటే సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు కొండచరియల ముప్పులో ఉందని దాని లెక్క. అందులో తూర్పు కనుమల వాటా 10 వేల చదరపు కిలోమీటర్లు, అదీ అరకు చుట్టుపక్కల. సీమ పేరు అందులో లేదు. 2014లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద జీఎస్ఐ ముప్పు మ్యాపులను 1:50,000 స్కేలులో తయారు చేసింది. అంటే మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఊరి మీద వేలాడే పదడుగుల బండ అందులో కనపడే ప్రశ్నే లేదు. ఆ మ్యాపు ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ రాయి పడుతుందో చెప్పదు. దానికి 1:10,000 మ్యాపు, ఆ తర్వాత ఒక్కో వాలుకూ 1:1,000 స్కేలులో సర్వే కావాలి.

లెక్క కట్టే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 14496 రెండో భాగంలో ముప్పును 10 మార్కులకు లెక్కేస్తారు. రాతి రకానికి 2, పొరల వాలూ నెర్రెలకు 2, కొండ వాలుకు 2, భూమి వాడకానికి 2, ఎత్తు తేడాకు 1, నీటికి 1. మొత్తం 6 దాటితే ముప్పు ఎక్కువ, ఏడున్నర దాటితే మరీ ఎక్కువ. కొలబద్ద హిమాలయాల కోసం తయారైంది. అందులో క్వార్ట్‌జైట్‌కు, సున్నపురాయికి పడే మార్కు 0.2, గ్రానైట్‌కు 0.3. అన్నిటికంటే తక్కువ. కొండ ఎత్తు తేడా వంద మీటర్లలోపు ఉంటే ఇంకో 0.3 మాత్రమే. అంటే 60 మీటర్ల నిటారు క్వార్ట్‌జైట్ గోడ కింద వీధి ఉన్నా, ఆ రెండు గళ్లలో మూడు మార్కులకు అరమార్కు పడుతుంది. రాయి గట్టిదన్న మాట నిజం. కానీ గట్టి రాయి నలిగి పోదు, దిమ్మెగా ఊడి పడుతుంది. కొలబద్దను తప్పుపట్టక్కర్లేదు, దాన్ని ఇక్కడ యథాతథంగా వాడి ఊరుకోవడమే తప్పు.

ఇంకోటి, మ్యాపు తయారీలో గతంలో ఎక్కడ చరియలు పడ్డాయన్న జాబితాకు పెద్దపీట ఉంటుంది. కనుమలో రాత్రి బండ పడితే తెల్లారేసరికి జేసీబీ వచ్చి పక్కకు నెట్టేస్తుంది. ఫొటో లేదు, కొలత లేదు, తేదీ లేదు. జాబితాలోకి ఎక్కని రాయి అసలు పడనట్టే లెక్క. రైల్వే ఈ విషయంలో నయం. గాజులపల్లె, దిగువమెట్ట మధ్య నల్లమల దాటే లైనులాంటి చోట్ల ప్రమాదకర స్థలాల రిజిస్టరు రాస్తారు, వానాకాలంలో గస్తీ తిప్పుతారు. రోడ్లకు అట్లాంటి రిజిస్టరు అలవాటు కాలేదు.

ముందస్తు హెచ్చరికల సంగతి కూడా ఇంతే. జీఎస్ఐ 2024 జూలై 19న కోల్‌కతాలో జాతీయ కొండచరియల అంచనా కేంద్రాన్ని, భూస్ఖలన్ అనే మొబైల్ యాప్‌ను మొదలుపెట్టింది. రోజువారీ అంచనాలు మొదట డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరి జిల్లాలకు ఇచ్చారు. మనకు అందేది వాతావరణ శాఖ వాన హెచ్చరిక. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మట్టి జారే కొండలకు వాన కొలతతో చాలావరకు అంచనా కట్టొచ్చు. రాయికి అట్లా కుదరదు. వాన ఆగిన రెండో రోజో మూడో రోజో, ఎండ కాసే వేళ పడే బండలూ ఉంటాయి. వేసవిలో పగటి వేడికి వ్యాకోచించి, రాత్రికి సంకోచించి, కొద్దికొద్దిగా జరిగి చివరికి చుక్క వాన లేకుండా పడేవీ ఉంటాయి.

డబ్బు ఎక్కడుంది

2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కొండచరియల ముప్పు తగ్గించే వ్యూహపత్రం తెచ్చింది. ఆ తర్వాత 2024లో కేంద్రం 1000 కోట్ల ప్రాజెక్టుకు ఆమోదం తెలిపింది. ఉత్తరాఖండ్, హిమాచల్‌లకు చెరో 139 కోట్లు, ఈశాన్యంలోని ఎనిమిది రాష్ట్రాలకు 378, మహారాష్ట్రకు 100, కర్ణాటక, కేరళలకు చెరో 72, తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌లకు చెరో 50. కూడితే సరిగ్గా వెయ్యి. పదిహేను రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు.

అంతటితో తలుపు మూసుకుపోలేదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్ర విపత్తు నిధిని రెండుగా చీల్చింది. 80 శాతం విపత్తు వచ్చాక సాయానికి, 20 శాతం రాకముందు ముప్పు తగ్గించడానికి. ఈ 20 శాతాన్ని స్థానిక స్థాయి చిన్న పనులకే వాడాలని మార్గదర్శకాలు చెబుతాయి, భారీ కరకట్టల్లాంటి వాటికి కుదరదు. మన కొండలకు కావాల్సింది కచ్చితంగా చిన్న పనులే. ఒక ఊరి మీద నాలుగు గుండ్లకు ఆధారం కట్టడం, కనుమలో రెండొందల మీటర్ల వాలుకు వల వేయడం, నీటి దారులు తీయడం. ఇట్లాంటి ప్రతిపాదన జిల్లా నుంచి పైకి పోవాలి. పోవాలంటే వాలు కొలతలు, కింద ఎన్ని ఇళ్లు ఉన్నాయి, గతంలో ఎప్పుడు పడింది అన్న వివరాలు కాగితం మీద ఉండాలి. మళ్లీ అదే రిజిస్టరు దగ్గరికొచ్చాం.

గీత ఎక్కడ పడుతుంది

అసలు చిక్కుముడి ఇది. కనుమ రోడ్డు జాతీయ రహదారుల విభాగం చేతిలోనో ఆర్ అండ్ బీ చేతిలోనో ఉంటుంది. ఆ విభాగానికి హక్కున్న స్థలం రోడ్డు అంచు నుంచి కొన్ని మీటర్ల వరకే. దాని పైన రిజర్వు అడవి. కిందికి రాబోయే బండ చాలాసార్లు ఆ గీతకు పైన ఉంటుంది. అక్కడ యాంకరు (రాతిలో బెజ్జం వేసి సిమెంటుతో బిగించే ఇనుప కమ్మీ) కొట్టాలన్నా, చెట్టు తీయాలన్నా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్ర అనుమతి కావాలి. శ్రీశైలం దారిలాగా పులుల అభయారణ్యం అయితే వన్యప్రాణి అనుమతి అదనం. రోడ్డు విభాగం తన గీత లోపల గోడ కట్టి బిల్లు చేసుకుంటుంది. అటవీ శాఖకు రాళ్లు పట్టుకునే పని లేదు, బడ్జెట్ లేదు. రాయి పడ్డాక పంచనామా రెవెన్యూది. రాయి ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, పరిహారం మరొకరిది.

పక్కనే ఉన్న తిరుమలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతింది. కొండ అదే శేషాచలం, రాయి అదే జాతి. కానీ అక్కడ రోడ్డును చూసే ఇంజినీరింగ్ విభాగం, అడవిని చూసే విభాగం రెండూ టీటీడీలోనే ఉన్నాయి. ఐఐటీ నిపుణులను పిలిపించి వాలు చూపించడానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. డబ్బుకూ కొదవ లేదనుకోండి. అయినా నా లెక్కలో డబ్బు కంటే ఒకే యజమాని ఉండటమే ఎక్కువ పని చేసింది.

మిగతా కనుమలకు ఆ ఏకయజమానిని సృష్టించే అధికారం ఇప్పటికే చట్టంలో ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. 31వ సెక్షన్ జిల్లా ప్రణాళిక రాయమంటుంది. ముప్పు ముంచుకొచ్చినప్పుడు 34వ సెక్షన్ కింద రాకపోకలు ఆపొచ్చు, మనుషుల్ని ఖాళీ చేయించొచ్చు, శిథిలాలు తీయించొచ్చు. ఇతర చట్టాలతో తేడా వస్తే ఈ చట్టానిదే పైచేయి అని 72వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ అధికారం తలుపు దగ్గరికొచ్చిన ప్రమాదానికి. నింపాదిగా చేయాల్సిన నివారణకు అటవీ అనుమతి ముందే తెచ్చుకోక తప్పదు. కనుమకు కనుమగా, మొత్తం వాలుకు ఒకేసారి ఉమ్మడి సర్వే చేసి దరఖాస్తు పెడితే అది సాధ్యం. బండ పడిన ప్రతిసారీ విడిగా ఫైలు నడిపితే ఎప్పటికీ కాదు.

ఏ రాయికి ఏ మందు

ఘనమీటరు రాయి 2.6 టన్నులు తూగుతుంది. 30 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా పడితే రోడ్డును తాకేటప్పుడు వేగం గంటకు 87 కిలోమీటర్లు, శక్తి సుమారు 765 కిలోజౌళ్లు. పది టన్నుల లారీ గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత. దాని ముందు మూడడుగుల రాతి కట్టడం ఏం ఆగుతుంది? కనుమల్లో కొండ అడుగున ఎక్కువగా కనిపించే పొట్టి గోడ మట్టి జారకుండా ఆపడానికి పనికొస్తుంది, ఎగిరి వచ్చే రాయిని ఆపడానికి కాదు.

చౌకలో బాగా పనిచేసేది రోడ్డుకూ కొండకూ మధ్య గుంత కాలువ. పది నుంచి ఇరవై మీటర్ల నిటారు కోతకు నాలుగున్నర మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు గుంత ఉంటే రాళ్లు చాలావరకు అందులోనే పడి ఆగిపోతాయని 1963లోనే అమెరికాలో రిచీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాళ్లు దొర్లించి కొలిచి చెప్పాడు. మన కనుమల్లో అంత వెడల్పు దొరకడం కష్టమే. దొరికినచోట కూడా రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పూడేది ఆ గుంతే. ఆ తర్వాత అక్కడ టీ బంకు, పార్కింగు వస్తాయి. ఇంకో పొరపాటు, వాలు మధ్యలో సన్నటి మెట్టు వదలడం. గని తవ్వినట్టు మెట్లు తీస్తే భద్రం అనుకుంటారు. మెట్టు వెడల్పుగా ఉండి, ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తే భద్రమే. లేకపోతే పైనుంచి వచ్చిన రాయి మెట్టు మీద తగిలి ఎగిరి, గుంతను దాటి రోడ్డు నడిమధ్యలో పడుతుంది.

రెండడుగుల లోపు రాళ్లు రాలే వాలుకు షట్కోణ గళ్ల జంట మెలిక ఇనుప వల సరిపోతుంది. పైన యాంకర్లకు కట్టి తెరలా వేలాడదీస్తే, రాయి వల వెనకే జారుతూ కిందికి వస్తుంది. వల రాయిని పట్టుకోదు, దారి మాత్రం చూపిస్తుంది. అందుకే కింది కొసను గట్టిగా కట్టేయకూడదు, కింద పేరుకున్న రాళ్లను వానాకాలానికి ముందు, తర్వాత తీసేయాలి. తీయకపోతే వల ఉబ్బి, బరువు పైన తాళ్ల మీద పడి మొత్తం ఊడొస్తుంది. పెద్ద దిమ్మెలకు తీగతాళ్ల వలలు లేదా ఇన్ని కిలోజౌళ్లు ఆపుతుందని పరీక్ష చేసిన వలయాల అడ్డుకంచెలు కావాలి. పైన చెప్పిన రాయికి 500 కిలోజౌళ్ల కంచె వేస్తే డబ్బు దండగ.

వల ఎంత గట్టిదైనా నిలిచేది యాంకరు మీద. 25 మిల్లీమీటర్ల కమ్మీ సుమారు 24 టన్నుల దగ్గర సాగడం మొదలుపెడుతుంది. కానీ కమ్మీ తెగి పోయిన చోట్లు తక్కువ. బెజ్జంలో నుంచి ఊడి వచ్చిన చోట్లే ఎక్కువ. కారణం సిమెంటు పాలు. 50 కిలోల బస్తాకు 20 నుంచి 22 లీటర్ల నీళ్లే పోయాలి. పైపులో సులభంగా పారాలని పనివాళ్లు ముప్పై దాకా పోస్తారు. ఆరాక సిమెంటు కుంచించుకుపోయి కమ్మీ చుట్టూ సందు మిగులుతుంది. ఇంకోటి, పైపును బెజ్జం అడుగుదాకా దింపి కిందినుంచి పైకి నింపాలి. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుని మొదటి మీటరే నిండుతుంది, బయటికి చూస్తే అంతా నిండినట్టే ఉంటుంది. ఈ మోసం బయటపడేది జాకీ పెట్టి లాగి చూసినప్పుడే. కొన్ని యాంకర్లనైనా లాగి చూసిన రికార్డు లేకుండా బిల్లు పాస్ చేయకూడదు.

కాంక్రీటు చిమ్మి వాలును మూసేసే పని చూడ్డానికి అందంగా ఉంటుంది. నీటి బెజ్జాలు మరిచిపోతే పైన చెప్పిన పన్నెండున్నర టన్నుల లెక్కను మన చేతులతో మనమే తయారుచేసినట్టు. మీటరున్నర, రెండు మీటర్లకొకటి చొప్పున రెండంగుళాల పైపులు, బయటికి కొద్దిగా వాలుతో, కాంక్రీటు దాటి రాతిలోకి పోయేలా ఉండాలి. కొండ నెత్తిన వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ అంచుకు దూరంగా, సిమెంటు పూతతో ఉండాలి. పూత లేని కాలువ నీళ్లను నెర్రెలోకి పట్టుకెళ్లి పోసే గరాటు అవుతుంది.

కొండ కింద ఊరుంటే

గుత్తి, ఆదోని, రాయదుర్గం లాంటి చోట్ల ఇళ్లు కొండకు ఆనుకుని పైకి పాకాయి. అక్కడ మొదటి ప్రశ్న, రాయి ఎంతదూరం రాగలదు? మోటు లెక్క ఒకటుంది. నిటారు బండ కింద పాత రాళ్ల కుప్ప వాలుగా పరుచుకుని ఉంటుంది. ఆ కుప్ప పైకొస మీ ఇంటి నేల కంటే ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. దానికి దాదాపు రెండింతల దూరం లోపల ఇల్లు ఉంటే రాయి అందుకునే చోటే. కొస 20 మీటర్ల ఎత్తులో ఉంటే 38 మీటర్లు. గుండ్రటి గ్రానైట్ గుండుకు ఇంకొంచెం కలుపుకోవాలి. ఇది వెతుకులాటకు పనికొచ్చే లెక్కే, పట్టా ఇవ్వడానికి కాదు.

ముప్పున్న ఇళ్లన్నీ ఖాళీ చేయించి వేరేచోట స్థలాలివ్వడం కాగితం మీద సులభం. ఊరికి మూడు కిలోమీటర్ల అవతల ఇచ్చిన కాలనీలో కూలి దొరకదు, నీళ్లు రావు, ఏడాదికి జనం వెనక్కి వస్తారు. ఒకటి రెండు గుండ్లే సమస్య అయితే గుండునే చక్కబెట్టడం మేలు. కింద ఖాళీ ఉంటే రాతి కట్టడమో కాంక్రీటో నింపి దిండు కట్టొచ్చు, నీటి బెజ్జాలు వదిలి. తీసేయాల్సిందే అయితే ఇళ్ల మధ్య మందు పెట్టి పేల్చడం కుదరదు. వడ్డెరల ఉలి, సమ్మెట, చీలల పని ఇప్పటికీ నమ్మకమైనది. లేదంటే ఉబ్బే పొడి వాడతారు. 40 మిల్లీమీటర్ల బెజ్జాలు అడుగు దూరంలో వేసి, 5 కిలోల పొడికి లీటరున్నర నీళ్లు కలిపి పోస్తే, ఒక రోజులో చప్పుడు లేకుండా రాయి పగులుతుంది. ఎండాకాలంలో చలికాలపు రకం పొడి వాడితే మాత్రం బెజ్జంలోంచి తుపాకీలా చిమ్ముతుంది. పోశాక బెజ్జంలోకి తొంగి చూసి కళ్లు పోగొట్టుకోకండి.

నెర్రె కదులుతోందా లేదా తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. నెర్రెకు రెండు పక్కలా పెయింటుతో చుక్కలు పెట్టి, మూడుచోట్ల టేపుతో కొలిచి, వారానికోసారి తేదీతో రాసి పెట్టండి. నల్లగా పాచిపట్టిన బండ మీద తాజాగా తెల్లటి గాయం కనిపించినా, చిన్న రాళ్లు రాలడం ఎక్కువైనా, నిటారు చెట్టు ఒరిగినా ఆలస్యం చేయొద్దు. రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077.

అర్జీ రాసేటప్పుడు "మా ఊరికి కొండ ప్రమాదం ఉంది" అని రాస్తే అది ఏ బల్ల మీదా ఆగదు. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు, పక్కన మనిషి నిలబడిన ఫొటో, బండ పొడవు వెడల్పు ఎత్తు, కింద ఉన్న ఇళ్ల సంఖ్య, స్థలం సర్వే నంబరా లేక రిజర్వు అడవా, గతంలో పడిన తేదీలు, ఇవన్నీ అర్జీలో ఉండాలి. అదే వివరం భూస్ఖలన్ యాప్‌లో కూడా పెడితే జీఎస్ఐ జాబితాకు చేరుతుంది. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి.

ప్రాణం పోయినప్పుడు కూడా కాగితమే ముఖ్యం. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో కొండచరియలు ఉన్నాయి, 2022–26 నిబంధనల ప్రకారం మృతుల కుటుంబానికి విపత్తు నిధి నుంచి 4 లక్షలు. పంట భూమి కొండచరియల వల్ల పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47 వేలు, మేట తీయడానికి 18 వేలు. పంచనామాలో ఉత్త "ప్రమాదవశాత్తు" అని ముగిస్తే ఈ దారి మూసుకుంటుంది. కొండ నుంచి బండ విరిగి పడిన సంగతి, అప్పటి వాన, స్థలం స్పష్టంగా రాయించుకోవాలి. దస్తూరి ఎవరిదైనా సరే, సంతకం పెట్టేముందు చదివించుకోండి.

చివరగా క్యాలెండరు. రాష్ట్రమంతటా వానాకాల సన్నాహాలు మే నెలలో అయిపోతాయి, కాలువల పూడిక తీసి ఫొటోలు పంపేస్తారు. కడప కొండలకు అసలు పరీక్ష అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వానలు కూడా ఆ కాలానివే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసిన వానలకు నీటి బెజ్జాలు అప్పటికే మట్టితో నిండి ఉంటాయి, వలల కింద రాళ్లు పేరుకుని ఉంటాయి. కాబట్టి గువ్వలచెరువు కనుమకైనా, నల్లమల దారులకైనా రెండో తనిఖీ సెప్టెంబరు ఆఖరి వారంలో జరగాలి. రోడ్డు ఇంజినీరు, అటవీ రేంజరు, తహసీల్దారు ముగ్గురూ ఒకే జీపులో పోయి, ఒకే రిజిస్టరులో సంతకం పెట్టాలి.